చీటీ మీద మూడు మాటలు రాయండి: గులాబీ నర్సరీలకు బహిరంగ లేఖ

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక నర్సరీ రైతులకు, హోసూరు, బెంగళూరు, పుణె వైపు నుంచి తెలుగువారి ఇళ్ళకు పార్సిల్‌లో గులాబీలు పంపే వ్యాపారులకు నమస్కారం.

నేను కర్నూలులో ఉంటాను. ఇంటి ముందున్న కాస్త నేలలోనూ మిద్దె మీద కుండీల్లోనూ గులాబీలు పెంచుతాను. ఏటా మీ దగ్గరే కొంటాను, ఇక ముందూ కొంటాను. మీ కష్టం మీద గౌరవం ఉంది కాబట్టే ఈ విషయాన్ని నలుగురి ముందు పెడుతున్నాను. నేను అడిగేది ఒక్కటే. మీరు పంపే ప్రతి గులాబీ మొక్కకు ఒక చీటీ కట్టండి. దాని మీద ఆ రకం అసలు పేరు, ఏ రూట్‌స్టాక్ (నేలలో ఉండే వేరు మొక్క) మీద కన్ను అంటు కట్టారో ఆ పేరు, మొక్కను నేలలోంచి తవ్విన తేదీ రాయండి. ఆ పని చేస్తే, వేళ్ళకు మట్టి లేకుండా పంపే బేర్ రూట్ గులాబీలను మన ప్రాంతంలో ధైర్యంగా కొనవచ్చు, అమ్మవచ్చు అని నా నమ్మకం.

బేర్ రూట్ అనగానే మీలో చాలామంది ఒప్పుకోరు. "మన ఎండలకు వేళ్ళ మట్టి దులిపేస్తే మొక్క బతుకుతుందా అమ్మా?" అని ఫోనులో నన్నే ఎదురు అడిగినవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. అయితే మట్టి ముద్దతో వచ్చే మొక్క సంగతి కూడా ఒకసారి ఆలోచించండి. మొక్క మీ దగ్గర ఉన్నంతకాలం గోదావరి ఒండ్రు మట్టి దానికి మేలే చేస్తుంది. తేమను పట్టి ఉంచుతుంది, లారీ కుదుపులకు వేరు కదలనివ్వదు. చిక్కంతా మా ఇంటికి వచ్చాకే. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు, ఎర్రమట్టి కలిపిన తేలికైన మిశ్రమంలో ఆ జిగట ముద్దను పెడతాం. పోసిన నీరు చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి జారిపోతుంది, ముద్ద లోపల మాత్రం ఎండి గట్టిపడుతుంది. వానాకాలంలో ఇది తిరగబడుతుంది. ఒకసారి నానిన ముద్ద ఎన్ని రోజులైనా ఆరదు, వేరు కుళ్ళుతుంది. కొత్త వేరు ఆ ముద్దను దాటి బయటికి రావడానికి నెలలు పడుతుంది. అందుకే మిద్దె తోటల వాళ్ళం చాలామందిమి మీ మొక్క తెచ్చిన రోజే బకెట్టు నీటిలో పెట్టి మట్టి కడిగేస్తున్నాం. అంటే మేమే దాన్ని బేర్ రూట్‌గా మారుస్తున్నాం, అదీ ఏప్రిల్ అని, మే అని చూడకుండా.

ఆ పని సరైన కాలంలో, వేరు తెగకుండా, చేయి తిరిగిన మీరే చేస్తే ఎంతో నయం. మట్టి లేని వేరు దేన్నీ దాచలేదు. మొక్క మొదలు దగ్గర కణితి ఉంటే కనిపిస్తుంది, వేళ్ళ మీద నులిపురుగుల బుడిపెలుంటే కనిపిస్తాయి. పెద్ద వేళ్ళు ఎన్ని ఉన్నాయో, వాటిని నరికేశారో ఉంచారో కొన్నవారికి తెలుస్తుంది. బరువు తగ్గుతుంది కాబట్టి కొరియర్ ఖర్చూ తగ్గుతుంది. ఒక్క కుండీ మొక్కను పంపే పెట్టెలో నాలుగైదు మొక్కలు పడతాయి.

చలి దేశాల్లో ఈ వ్యాపారం దశాబ్దాలుగా ఇలాగే సాగుతోంది. ఇంగ్లండులో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గులాబీలు బేర్ రూట్‌గానే ఇళ్ళకు చేరతాయి. అమెరికాలో కాలిఫోర్నియాలోని వాస్కో చుట్టుపక్కల పొలాల్లో రూట్‌స్టాక్ కొమ్మ నాటి, దానికి కన్ను కట్టి, ఆ కన్ను కొమ్మలుగా ఎదిగాక తవ్వడానికి దాదాపు రెండేళ్ళు పడుతుంది. తవ్వేది చలికాలంలో. తవ్వాక సున్నా డిగ్రీలకు కొంచెం పైన, బాగా తేమ ఉన్న గిడ్డంగుల్లో నిల్వ చేసి, ఏ ప్రాంతంలో నాటే అదను వస్తే ఆ ప్రాంతానికి పంపుతారు. అక్కడ అది కుదరడానికి కారణం చలికి మొక్క ఆకు రాల్చి నిద్రలోకి జారుకోవడమే. నిద్రలో ఉన్న మొక్కకు నీటి ఖర్చు దాదాపు ఉండదు, కొమ్మలో, వేరులో దాచుకున్న ఆహారం వారాల తరబడి సరిపోతుంది.

మన గులాబీ నిద్రపోదు. పుష్యమాసపు చలిలో కూడా చిగురు వేస్తుంది, మొగ్గ తొడుగుతుంది. నిజానికి మన ఎండలు తట్టుకుని బతికిన గులాబీకి సంవత్సరంలో అన్నిటికంటే ఇష్టమైన రోజులవే. మెలకువగా ఉన్న మొక్కను తవ్వి, ఆకు దూసి, కొమ్మలు కురచగా కత్తిరించి పంపుతారు కాబట్టి దాని దగ్గర దాచుకున్న బలం కొద్దిగానే ఉంటుంది. చలి దేశపు మొక్కకు వారం ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు. మన మొక్కకు ప్రతి రోజూ లెక్కే. నేను తవ్విన తేదీ అడగడానికి కారణం ఇదే.

ఒక నర్సరీ నుంచి నాకు వచ్చిన పెట్టె తెరిస్తే కొమ్మల నిండా వేలెడంత పొడవున తెల్లని మొలకలు ఉన్నాయి. చీకట్లో, వెచ్చదనంలో చాలా రోజులు ఉంటేనే చిగురు అలా పాలిపోయి సాగుతుంది. నిన్ననే తవ్వామని వాళ్ళన్నారు. మొక్క ఆ మాట నిజం కాదని చెబుతోంది. ఆ మొలకలు ఎండ తగలగానే మాడిపోయాయి. మిగిలిన బలమంతా వాటికే ఖర్చయిపోవడంతో కొమ్మలూ నల్లబడ్డాయి. చీటీ మీద తేదీ ఉండి ఉంటే పెట్టె తెరిచిన రోజే ఎవరి బాధ్యత ఎంతో తేలిపోయేది. పార్సిలు ఎక్కడో నిలిచిపోయి ఉంటే ఆ తప్పు మీది కాదని కూడా ఆ తేదీయే చెప్పేది. అది మీకూ రక్షణే.

కాలం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా ఒక మాట. కార్తీకం చివరి నుంచి సంక్రాంతి దాటే దాకా పంపే బేర్ రూట్ మొక్కకు మన ప్రాంతంలో మంచి అవకాశం ఉంది. మాఘం దాటాక తగ్గుతుంది. ఉగాది తర్వాత బేర్ రూట్ ఆర్డరు తీసుకోకండి. డబ్బు ముందే పంపుతామన్నా తీసుకోకండి. మళ్ళీ చలికాలంలో పంపుతామని పేరు రాసి పెట్టుకోండి, మేం ఆగుతాం.

ఇక రూట్‌స్టాక్. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

మీరు మాకు అమ్మే గులాబీలో రెండు మొక్కలున్నాయని మీకు తెలుసు. కొన్నవారిలో చాలామందికి తెలియదు. పైన పూసేది ఒకటి, నేలలో ఉండేది మరొకటి. మన దేశంలో ఉత్తరాది మైదానాల నర్సరీలు ఎక్కువగా రోజా ఇండికా ఒడొరాటా మీద కన్ను కడతాయి. అది క్షార నేలను కొంత ఓర్చుకుంటుంది. తూర్పున, కొండ ప్రాంతాల్లో రోజా మల్టీఫ్లోరా ఎక్కువ. వేరు బాగా పట్టుకుంటుంది, కన్ను సులువుగా అతుకుతుంది, తేలిక నేలలో, కాస్త ఆమ్లం ఉన్న మట్టిలో చక్కగా ఎదుగుతుంది. దక్షిణాదిలో ఎడ్వర్డ్ గులాబీని కూడా వాడతారు. ఇప్పుడు రీయూనియన్ అని పిలిచే బూర్బన్ దీవిలో పుట్టిన గులాబీల కుటుంబం దానిది. గులాబీ రంగు ముద్ద పూలు, మంచి వాసన. కొన్నిచోట్ల దీన్నే పన్నీరు గులాబీ పేరుతో అమ్ముతారు.

ఇప్పుడు మా ఊరి నీళ్ళ సంగతి వినండి. మా బోరు నీరు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లోనూ తెలంగాణలోనూ చాలా ఇళ్ళ బోర్లు ఇంతే. నల్లరేగడి నేలయితే మట్టి కూడా క్షారమే. మల్టీఫ్లోరా మీద కట్టిన గులాబీకి ఈ నీళ్ళు పోస్తే ఏడాది తిరగకుండా ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, ఆకు పసుపుగా మారుతుంది. మట్టిలో ఇనుము ఉంటుంది, ఆ వేరుకు అందదు. అన్నభేది (ఇనుము ఉన్న లవణం) కరిగించి ఆకుల మీద పిచికారీ చేస్తే కొన్నాళ్ళు తేరుకుని మళ్ళీ పసుపవుతుంది. పక్క కుండీలో అదే రకం గులాబీ, అవే నీళ్ళు, అదే ఎరువు, ఒడొరాటా మీద కట్టిందయితే పచ్చగా నిలబడుతుంది. ఇందులో మొక్క తప్పు లేదు, కొన్నవారి తప్పు లేదు, మీ పనితనంలో లోపమూ లేదు. ఒక ప్రాంతానికి తగిన వేరు ఇంకో ప్రాంతానికి వెళ్ళింది, అంతే. అది ముందే తెలిస్తే మేం వానచుక్క పట్టి పోసుకుంటాం, కుండీలో మట్టిని దానికి తగ్గట్టు కలుపుకుంటాం, లేదా వేరే రూట్‌స్టాక్ ఉన్న మొక్క కోసం అడుగుతాం. విశాఖ వైపు ఎర్ర మట్టిలో పెంచేవారికి బహుశా మల్టీఫ్లోరాయే మేలు. ఎవరికి ఏది కావాలో వాళ్ళే తేల్చుకుంటారు. తేల్చుకోవడానికి పేరు తెలియాలి కదా!

బయటి దేశాల్లో దీన్ని దాచరు. అమెరికాలో క్షార నేలలున్న పడమటి రాష్ట్రాలకు డాక్టర్ హ్యూయీ అనే రూట్‌స్టాక్ వాడతారు. ఫ్లోరిడా ఇసుక నేలల్లో నులిపురుగుల బెడద ఎక్కువ కాబట్టి అక్కడివారు ఫార్చునియానా మీద కట్టిన మొక్క కోసం ఎక్కువ డబ్బు ఇచ్చి మరీ తెప్పించుకుంటారు. అమ్మకపు జాబితాలో రకం పేరు పక్కనే రూట్‌స్టాక్ పేరు రాసే నర్సరీలున్నాయి. అక్కడ ఇంటి ముందు పసుపు గులాబీ నాటినవారికి రెండేళ్ళ తర్వాత ముదురు ఎరుపు పూలు పూస్తే, పైది చచ్చిపోయి డాక్టర్ హ్యూయీ లేచిందని గులాబీలు తెలిసిన పొరుగువారు చూసి చెప్పేస్తారు.

మన దగ్గర అదే జరిగితే ఏమవుతుంది? నర్సరీ మోసం చేసిందంటారు. మా పరిచయస్తుల్లో ఒకామె డబుల్ డిలైట్ అనే రకం కోసం డబ్బు పంపింది. రెండో ఏడు అంచున ఎరుపు, లోపల మీగడ రంగు ఉండవలసిన చోట మామూలు గులాబీ రంగు ముద్ద పూలు వచ్చాయి. వాసన చూస్తే ఎడ్వర్డ్. పంపినవారు సరైన మొక్కే పంపి ఉంటారని నా అభిప్రాయం. ఎండాకాలంలో పై భాగం ఎండిపోయింది, కింది నుంచి పిలక వచ్చింది, ఆమె దాన్నే ప్రేమగా పెంచింది. మల్టీఫ్లోరా అయితే సన్నటి తెల్లని పూల గుత్తులు వచ్చి ఉండేవి. "ఏడు ఆకులుంటే అడవి గులాబీ, ఐదుంటే మంచి గులాబీ" అని మనలో ఒక మాట వాడుకలో ఉంది. దాన్ని నమ్మి మంచి కొమ్మలు కోసేసుకున్నవారూ ఉన్నారు. ఐస్‌బర్గ్‌ అనే రకంతో సహా చాలా తోట గులాబీలకు ఒక్కో కాడకు ఏడు ఆకులు వస్తాయి. పిలకను గుర్తుపట్టే దారి ఒక్కటే: అంటు కట్టిన చోటు వెతికి, కొమ్మ దానికి కింది నుంచి వచ్చిందా పై నుంచి వచ్చిందా చూడాలి. చీటీ మీద "అడుగున ఎడ్వర్డ్" అని ఉంటే, పూచిన పువ్వు చూసి ఆమె తనంతట తానే తెలుసుకునేది. మీ మీద నింద పడేది కాదు.

రకం పేరు గురించి. పువ్వు ఎర్రగా ఉంటే రెడ్ అనీ, రెండు రంగులుంటే డబుల్ కలర్ అనీ, ఏమీ తోచకపోతే కశ్మీరీ అనీ రాసి పంపడం ఇక చాలించండి. క్రిస్టియన్ డియోర్ ఎరుపు, పాపా మెయాన్ ఎరుపు, గ్లాడియేటర్‌దీ ఎరుపు ఛాయే. మూడింటినీ ఒకేలా పెంచలేం. పాపా మెయాన్‌కు వాసన అద్భుతం, బూడిద తెగులు మాత్రం వదలదు. అది తెలిసి కొనేవారు ముందే జాగ్రత్తపడతారు. పేరు పోయిందంటే ఆ మొక్క మీద ఇంతకాలం పెంచినవారు సంపాదించిన అనుభవమంతా మాకు అందకుండా పోయినట్టే.

పేరు పోతే దాన్ని సృష్టించినవారి శ్రమ కూడా పోతుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన బి.పి. పాల్ గోధుమ వంగడాల మీద చేసిన కృషి అందరికీ తెలుసు. ఆయన గులాబీలనూ సృష్టించారు. రోజ్ షర్బత్, డాక్టర్ హోమీ భాభా ఆయనవే. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ చల్లని దేశాల గులాబీలు మన వేడికి ఆగవని గుర్తించి, మన దేశపు అడవి గులాబీలైన రోజా క్లైనోఫిల్లా, రోజా జైగాంటియాలతో సంకరం చేసి కొత్త రకాలు తయారు చేశారు. వాటిలో ఒకదానికి హైదరాబాదులోని సరోజినీ నాయుడు నివాసం పేరే పెట్టారు, గోల్డెన్ త్రెషోల్డ్ అని. మన ఎండకోసమే ఒకరు జీవితమంతా పెట్టి పనిచేస్తే, ఆ రకాలు మన నర్సరీల జాబితాల్లో వెతికినా దొరకకపోవడం నాకు చాలా బాధగా ఉంది. వాటిని అధికారికంగా తెచ్చి పెంచి అమ్మండి. ఇంకో విదేశీ రకం కంటే ముందు వాటినే కొంటాను.

నీలం గులాబీ, ఇంద్రధనుస్సు గులాబీ ఫొటోలు పెట్టి మొక్కలు అమ్మేవారికి మాత్రం వేరే మాట లేదు, ఆపండి. గులాబీలో నీలానికి కావలసిన డెల్ఫినిడిన్ అనే వర్ణకం సహజంగా తయారు కాదు. జపాన్‌లో జన్యుమార్పిడితో దాన్ని తయారుచేయించి 2009లో అమ్మకానికి తెచ్చిన పువ్వు కూడా లేత ఊదా రంగులోనే ఉంది. పిల్లలు ముచ్చటపడి అడిగితే తల్లిదండ్రులు కొంటున్నారు. ఫొటోకు సరిపోని సరుకును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్ అమ్మకందారు అనడానికి వీలులేదని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు చెబుతున్నాయి. ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోగా చెప్పాలనీ, నెలలోగా పరిష్కరించాలనీ కూడా అందులో ఉంది. నిజాయితీగా పనిచేసే నర్సరీల పేరు ఇలాంటివారి వల్లే చెడుతోంది. ముందుగా మాట్లాడవలసింది మీ సంఘాలే.

పార్సిలు కట్టడం మీకు చేతనైన విద్యే, రెండు మాటలతో సరిపెడతాను. వేళ్ళ చుట్టూ తడిపి పిండిన కొబ్బరి పొట్టు గానీ నాచు గానీ పెట్టి కవరు బిగించండి, కొమ్మల వైపు మాత్రం గాలి ఆడనివ్వండి. మొత్తం ప్లాస్టిక్‌లో చుడితే రెండో రోజుకే బూజు పడుతుంది. చీటీ మీద పెన్నుతో రాస్తే తడికి చెరిగిపోతుంది, పెన్సిలుతో రాస్తే నిలుస్తుంది. శనివారం పెట్టె కట్టకండి. ఆదివారమంతా గోదాములో కూర్చుంటుంది.

మా వైపు నుంచి జరగవలసినవీ ఉన్నాయి, నాలాంటి కొనుగోలుదారులు కూడా ఈ లేఖ చదువుతారు కాబట్టి చెబుతున్నాను. పెట్టె వచ్చిన గంటలోనే తెరవాలి. వేళ్ళను ఆ రాత్రంతా బకెట్టు నీటిలో ఉంచాలి, ఒక రోజు మించకూడదు. చితికిన వేరును మాత్రమే కత్తిరించాలి. చలి దేశాల వీడియోలు చూసి అంటు కట్టిన చోటును మట్టిలో పాతిపెట్టకూడదు, మన దగ్గర అది మట్టికి పైన ఉండాలి. నీడలో పెట్టి, కొమ్మల మీద పల్చటి కవరు బోర్లించి, చిగురు ఆకుగా విచ్చుకున్నాక మెల్లగా ఎండకు అలవాటు చేయాలి. అప్పటిదాకా ఎరువు పిడికెడు కూడా వేయకూడదు. ఇవేవీ చేయకుండా మొక్క చచ్చిందని నర్సరీని తిట్టడం అన్యాయం.

రూట్‌స్టాక్ పేరు రాస్తే కొనేవారు భయపడి వెళ్ళిపోతారని ఒక నర్సరీ ఆయన నాతో అన్నారు. మామిడి అంటు కొనేవాడు ఏ టెంక మీద కట్టారని అడిగితే మీరు చెబుతారు, అతను భయపడడు. గులాబీ కొనేవారికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కాబట్టే అడగడం రాలేదు. ఇంకొందరు, బయటి నుంచి తెచ్చి అమ్మే మొక్కలకు అడుగున ఏముందో తమకే తెలియదని ఒప్పుకున్నారు. అలాంటి మొక్కకు "రూట్‌స్టాక్ తెలియదు" అని రాయండి. ఆ మాట రాసిన చీటీ కూడా నాకు సమ్మతమే. వచ్చే ఏడు మీకు మొక్కలిచ్చే వారిని మీరే ఆ ప్రశ్న అడుగుతారు.

అక్టోబరులో కత్తిరింపులు మొదలయ్యేలోగా మీ సంఘాలు దీని గురించి ఒకసారి కూర్చుని మాట్లాడాలని కోరుతున్నాను. అందరూ ఒకేసారి మొదలుపెట్టాలని లేదు. ఒక నర్సరీ, బేర్ రూట్‌గా పంపడానికి ఓ పది రకాలు, ఒక చలికాలం చాలు. ఎవరు ముందుకొచ్చినా కర్నూలు నుంచి మొదటి ఆర్డరు నాది. ఒడొరాటా మీద కట్టినవి ఏమున్నాయో చెప్పండి, డబ్బు ముందే పంపుతాను.

ఇట్లు,
మీ దగ్గర గులాబీలు కొనే ఒక గృహిణి,
కర్నూలు